ఒకటి నుంచి పదకొండు వరకు

ఆ రోజు ఉదయం అతను పెట్టుకున్న పనులు రెండే. మొదటిది, రేవు జట్టును బాగుచేయడం. రెండోది, ఆసుపత్రి లాండ్రీ గురించి ఆఫీసువాళ్ళు అడిగిన నివేదిక రాయడం. వీటిలో ఏది ముఖ్యమో అతనికి సందేహం లేదు గనక మొదటిదానితోనే మొదలుపెట్టాడు.

రేవు జట్టంటే ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు. ఆ ఏడు పట్టికలో కింది నుంచి మూడో స్థానంలో నిలిచింది. ఇంట్లో మనిషి పోయినవాడు ఎలా ఉంటాడో, అతను నెల రోజులుగా అలా ఉన్నాడు. గడ్డం గీసుకోవడం మానలేదు గానీ, గీసుకుంటూ నిట్టూర్చడం మొదలుపెట్టాడు. ఆటగాళ్ళను అమ్ముకోవడానికీ, కొనుక్కోవడానికీ, పక్క జట్లకు అరువివ్వడానికీ ఉన్న గడువు మర్నాటి సాయంత్రంతో ముగుస్తుంది. ఈలోగా ఎవరుండాలో ఎవరు వెళ్ళాలో జట్టు యాజమాన్యానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. పందొమ్మిదేళ్ళుగా ఆ భారం అతనే మోస్తున్నాడు. పందొమ్మిది ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. చదివి, సిగ్గుపడి ఊరుకుంటున్నారని అతని నమ్మకం.

"ఇంతకీ మీరెవరో వాళ్ళకి తెలుసా?" అంది భార్య, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"నేను వాళ్ళకి తెలియకపోతే ఏం? వాళ్ళు నాకు తెలుసు కదా."

"నిన్న పక్కింటాయన నమస్కారం పెడితే, ఆయనెవరని నన్నడిగారు. ఎనిమిదేళ్ళ నుంచి ఉంటున్నాడాయన."

అతను ఇరవయ్యో ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. మొదటి పేజీ చివరికొచ్చింది. అందులో యాజమాన్యానికి నమస్కారాలు, జట్టు ఆ ఏడు పడ్డ అవమానాల వివరం, అందువల్ల తన ఆరోగ్యం ఎలా పాడైందో అన్నీ ఉన్నాయి. అసలు విషయం రెండో పేజీలో రావాలి. అది పని దగ్గర, బాయిలర్ వేడెక్కే పావుగంటలో రాద్దామనుకుని, మొదటి పేజీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

ఆసుపత్రి కింది అంతస్తులో, మార్చురీ పక్కన ఉంటుంది లాండ్రీ. అందులో అతనితో కలిపి పదకొండు మంది. వాళ్ళు తొడుక్కునే ఏప్రన్లు కూడా అక్కడే ఉతుకుతారు గనక, ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని మీద ఎర్రదారంతో ఒక్కో నంబరు కుట్టి ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ నంబర్లే మనుషులకు అంటుకుపోయి, పేర్లు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా మిగల్లేదు. బట్టలు మడతపెట్టే పెద్దాయన తొమ్మిది బాబాయ్. సబ్బు గదికి కాపలా ఉండే ఆమె నాలుగక్క. ఇస్త్రీ చేసే ఆమె ఏడు. అందరికంటే ముందు చేరి, పన్నెండేళ్ళుగా సూపర్‌వైజరుగా ఉన్న మన కథానాయకుడు ఒకటిగారు.

అక్కడ ఇంకో ఆనవాయితీ ఉంది. ఒకటిగారి దస్తూరీ ఎవరికీ అర్థం కాదు, ఒక్క ఏడుకు తప్ప. అందుకని అతని బల్ల మీద కాలిపోయిన పాత ఇస్త్రీపెట్టె ఒకటి పెట్టారు. దాని కింద ఏ కాగితం కనబడినా ఏడు తీసుకెళ్ళి, ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి, లాండ్రీ ముద్ర వేసి, కవరులో పెట్టి ఆఫీసుకు పంపేస్తుంది. ఒక్క అక్షరం మార్చదు. తప్పులు కూడా దిద్దదు. అవి ఒకటిగారి తప్పులు, ఆమెవి కావు.

బాయిలర్ బుసకొట్టడం మొదలయ్యేసరికి అతను రెండో పేజీ రాసేశాడు. పైన "ఎవరు ఉండాలి, ఎవరు వెళ్ళాలి" అని పెట్టి, ఆటగాళ్ళ మీద వాళ్ళ నంబర్లతోనే వరసగా తీర్పు తీర్చాడు. బంతి అన్న మాట ఎక్కడా రాయలేదు, బడిపిల్లలకు రాసే ఉత్తరం కాదది. అదనపు ఆటగాడైన పన్నెండో నంబరువాణ్ణి అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఎవరికైనా కాలు విరిగితే తప్ప బల్ల మీంచి లేవనివాడి గురించి అభిప్రాయాలు పెట్టుకోవడం దండగ. చివర "మీ శ్రేయోభిలాషి" అని రాసి కలం మూశాడు.

అంతలో మూడో అంతస్తు నుంచి ఫోను వచ్చింది. నలభై కంబళ్ళు కనబడడం లేదట, వెంటనే రమ్మన్నారు. గాలి పంకా కింద కాగితం రెపరెపలాడింది. ఎగిరిపోకుండా దాని మీద చేతికందిన బరువు పెట్టి, అతను మెట్లెక్కాడు. చేతికందిన బరువు కాలిపోయిన ఇస్త్రీపెట్టె.

ఆఫీసువాళ్ళ ఉత్తర్వు వారం రోజులుగా గోడ మీద అంటించి ఉంది. ఊరి అవతల కొత్త లాండ్రీ తెరుస్తున్నారనీ, ఇక్కడి పదకొండు మందిలో ఒక్కొక్కరి బలం, బలహీనత రాసి, ఎవరు ఇక్కడ ఉండాలో, ఎవరు వెళ్ళాలో ఆ రోజు తొమ్మిదిన్నరలోగా తెలపాలనీ దాని సారాంశం. కాబట్టి ఏడు ఇస్త్రీపెట్టె ఎత్తి కాగితం చూడగానే, ఇదేమిటని అనుమానించాల్సిన అవసరం ఆమెకు కలగలేదు.

"ఒకటి: పన్నెండేళ్ళుగా ఒకే చోట నిలబడి, చేతులు చాపి కేకలు వేయడం తప్ప చేసిందేమీ లేదు. జరగాల్సింది జరిగిపోయాక అందరినీ తిట్టడం. ముందు మార్చవలసింది ఇక్కడే."

ఇది చదివి ఆమె కాసేపు ఆగింది. మనిషి తన గురించి తాను ఇంత నిజం రాసుకోగలడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ గౌరవంతోనే మిగతావి రాసుకుంటూ పోయింది. ఏడో నంబరు దగ్గర కలం నిలిచిపోయింది.

"ఏడు: ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇంతటి నైపుణ్యం ఇంకెవరికీ లేదు. ఇప్పుడు మోకాళ్ళు అయిపోయాయి, వేగం పోయింది. చప్పట్లు కొట్టి గౌరవంగా సాగనంపాలి."

ఆమె మోకాళ్ళు నిజంగానే అయిపోయాయి. ఇరవై రెండేళ్ళు నిలబడి ఇస్త్రీ చేస్తే ఎవరివైనా అయిపోతాయి. ఇంట్లో రెండు గదులు, తొమ్మిది మంది మనుషులు. తనదంటూ ఒక మూల లేదు. కిటికీ పక్కనున్న ఈ ఇస్త్రీ బల్ల, దాని మీద పడే కాస్త ఎండ, చివర పెట్టుకున్న తన మంచినీళ్ళ గ్లాసు, లోకంలో ఆమెకు సొంతమైనదల్లా ఇంతే. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే సిరా చెదురుతుందని ఆపుకుని, "గౌరవంగా" అన్న మాటతో సహా అక్షరం పొల్లుపోకుండా రాసి, ముద్ర వేసి, అటెండరు చేతికిచ్చింది. ఒకటిగారు రాసిన కాగితాన్ని మళ్ళీ ఇస్త్రీపెట్టె కింద పెట్టింది.

హాజరు పట్టీలో సంతకం పెట్టడానికి వచ్చిన ఎనిమిది ఆ కాగితం చూశాడు. పట్టువదలకుండా కూడబలుక్కుని చదివాడు. "ఎనిమిది: ఎవరడిగినా వదులుకోకూడదు" అన్నచోట ఇంకో రెండుసార్లు చదివి, వెంటనే అందరినీ పిలిచాడు. అర్థంకానిచోట ఏడు చదివి పెట్టింది. తొమ్మిదీ ఇరవైకల్లా లాండ్రీలో తన బలహీనత తెలియని మనిషి లేడు.

ఒకటిగారు కంబళ్ళ తగువు తీర్చుకుని కిందికి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. పన్నెండేళ్ళలో అలా ఎవరూ నిలబడలేదు. అతను వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా పెద్ద డాక్టరు వస్తున్నాడేమోనని.

తర్వాత చూస్తే ఏదీ సవ్యంగా లేదు. తొమ్మిది బాబాయ్ మడత బల్ల చుట్టూ ఎగరొప్పుతూ పరిగెడుతున్నాడు. ఏదీ పక్కవాళ్ళకి అందివ్వడని కాగితంలో ఉందని, పది తన చేతికి వచ్చిందల్లా పక్కవాళ్ళ చేతిలో పెట్టేస్తున్నాడు. తడి తువ్వాళ్ళు, చీపురు, చివరికి తన భోజనం డబ్బా కూడా. ఐదు అందరికంటే పొడుగు మనిషి, ఖాళీ బండి ముందు నుదురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు ఒకటిగారు.

"ఆలోచిస్తున్నానండి. ఎత్తు ఉంది గానీ తల వాడటం లేదన్నారు కదా. ఈ బండి లాగాలా, తొయ్యాలా అని చూస్తున్నాను."

పదకొండు చేతులు కట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. "ఏడాదిపాటు పక్కవాళ్ళకి అరువిస్తామన్నారు. మనకి పక్కవాళ్ళంటే మార్చురీవాళ్ళే కదండీ. అక్కడ నేర్చుకోడానికి ఏముంటుందండీ?"

సబ్బు గది గుమ్మంలోంచి నాలుగక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అంది, "నాకు అడ్డుపడటం తప్ప ఇంకో విద్య లేదన్నారు. బాధ లేదండి, ఉన్న మాటే. కానీ ముందు మిమ్మల్ని మీరు అనుకున్నారు చూడండి, అక్కడ నాకు కన్నీళ్ళాగలేదు."

అతను బల్ల వైపు చూశాడు. ఇస్త్రీపెట్టె కింద తన కాగితం. బల్ల చివర సిరా ఆరని లాండ్రీ ముద్ర. విషయం అర్థమయ్యాక మనిషి కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు.

"ఇది మీ గురించి కాదర్రా. రేవు జట్టు గురించి. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ గురించి రాశాను."

తొమ్మిది బాబాయ్ పరుగు ఆపి, రొప్పుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నారు. మాకు తెలుసు. పన్నెండేళ్ళుగా కేకలేస్తున్నారు తప్ప మీ మనసు వెన్న. నన్ను పరిగెత్తమనండి, పరిగెడతాను."

"బాబాయ్, నువ్వు పరిగెత్తాల్సిన పని లేదు. పరిగెత్తాల్సినవాడు వేరే తొమ్మిది."

"ఇంకో తొమ్మిది ఎక్కడున్నాడండి?" అన్నాడు బాబాయ్ జాలిగా.

ఈ జాలి ఇంకా సాగేదే గానీ, అప్పుడే పైనుంచి నర్సు వచ్చింది. ఆపరేషను గదికి పదిన్నరకల్లా నలభై తెల్ల దుప్పట్లు కావాలని చెప్పి వెళ్ళిపోయింది. కుడివైపు యంత్రంలో ఉన్నవే ఆ నలభై. ఒకటిగారు గబగబా మూత తీశాడు. లోపల దుప్పట్లు లేత పెసర రంగులో ఉన్నాయి.

"రెండు, మూడు అటువాళ్ళిటు, ఇటువాళ్ళటు మారితే తప్ప బాగుపడరన్నారండి," అంది మూడు. పాతికేళ్ళుగా ఎడమ యంత్రంలో పచ్చ బట్టలు ఉతికే మనిషి. "అందుకని మారాము. నేను అలవాటుకొద్దీ నా పచ్చ బట్టలు నా ముందున్న యంత్రంలో వేశాను. తెల్లవి అందులో ముందే ఉన్నాయని చూసుకోలేదు."

ఇక అక్కణ్ణుంచి లాండ్రీ లాండ్రీలా లేదు. రంగు పోగొట్టే మందు కోసం వెళితే నాలుగక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి మూడు సంతకాలు కావాలంది. అడ్డుపడేవాళ్ళు కూడా ఉండాలని కాగితంలో రాసి ఉందని గుర్తుచేసింది. ఎనిమిదికి ఏ పని చెప్పినా, తనను వదులుకోకూడదన్న సంగతి మరిచారా అన్నట్టు చూశాడు. పది తడి దుప్పట్ల మూటను బాబాయ్‌కి అందించాడు, మళ్ళీ పరుగందుకున్న బాబాయ్ దానితో సహా వెళ్ళి, తల వాడుతూ నిలబడిన ఐదుకు తగిలాడు. ఒకటిగారు గుమ్మం దగ్గర నిలబడి, రెండు చేతులూ చాపి, "అటు కాదు, ఇటు, అదిగో పోయింది, చెప్తూనే ఉన్నాను కదా" అని కేకలు వేస్తున్నాడు.

అప్పుడు ఏడు తన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కదిలింది. గ్లాసు, మోకాళ్ళకు రాసుకునే మందు సీసా అప్పటికే సంచిలో పెట్టేసుకుంది. సంచి పక్కన పెట్టి మెల్లగా నడిచి వచ్చింది.

"బాబాయ్, కూర్చుని మడతపెట్టు. మూడక్కా, నీ యంత్రం దగ్గరికి నువ్వు పో. రెండన్నా, నువ్వూనూ. పదన్నా, చేతిలోది చేతిలోనే ఉంచుకో. నాలుగక్కా, కాస్త పక్కకి జరుగు." ఆమె గొంతు పెంచలేదు. నాలుగక్క జరిగింది. సబ్బు గది వెనక బీరువాలో, ఎప్పుడైనా అవసరం పడతాయని ఏడు తన చేత్తో ఏళ్ళుగా ఒక్కొక్కటీ చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి దాచిన తెల్ల దుప్పట్లు ఉన్నాయి. లెక్కపెడితే నలభై నాలుగు. అలాంటి బీరువా ఒకటుందని సూపర్‌వైజరుకు ఆ రోజే తెలిసింది. ఐదు బండి తోశాడు. దుప్పట్లు పదీ ఇరవై ఐదుకు పైకి వెళ్ళిపోయాయి.

ఒకటిగారు చాపిన చేతులు దించి, వెనక్కి తిరిగాడు. వెనకాల పరిపాలనాధికారిణి నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలియదు గానీ, గోడకు ఆనుకుని ఉంది. చేతిలో ఏడు దస్తూరీతో కాగితం.

"మీ నివేదిక చదివాను," అందామె. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత నిజాయితీగా రాసిన సూపర్‌వైజర్ని చూడలేదు. నాకు శ్రేయోభిలాషి అని సంతకం చేసినవాణ్ణీ చూడలేదు. ఇందులో రాసింది రాసినట్టు ఇవాళే అమలు చేద్దామని వచ్చాను. ఏడు ఎవరు?"

ఏడు ఒక అడుగు ముందుకు వేసింది.

"మోకాళ్ళు అయిపోయాయని రాశారు. నిజమేనా?"

"నిజమేనండి."

ఏడు వెళ్ళి సంచి భుజానికి తగిలించుకుంది. కిటికీ రెక్క తెరిచి ఉంటే మూసి, గడియ వేసింది. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. కాసేపటికి తొమ్మిది బాబాయ్, కాగితంలో ఉంది కదా అని, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పదకొండు కలిశాడు. తర్వాత అందరూ కొట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, లయ తప్పకుండా, నిజంగా గౌరవంగా కొట్టారు. ఏడు తల దించుకుని ఆ చప్పట్ల మధ్య నడుస్తోంది.

ఒకటిగారు ఆ మోకాళ్ళ వైపు చూశాడు. కుడికాలు నేల మీద ఆనించడానికి ఆమె ఎంత కష్టపడుతోందో అప్పుడు కనిపించింది. రేవు జట్టు ఏడో నంబరువాడి మోకాలికి ఏ ఏడాది, ఏ నెల దెబ్బ తగిలిందో అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఈమె మోకాళ్ళ గురించి పన్నెండేళ్ళలో ఒక్కసారి అడిగింది లేదు. అతనికి సిగ్గేసింది. ఇంతవరకు ఏ ఓటమికీ అంత సిగ్గేయలేదు. నోరు మూసుకుని ఊరుకుంటే తాను నిజాయితీపరుడిగా మిగులుతాడని తెలుసు. ఊరుకోలేకపోయాడు. చొక్కా జేబులోంచి మొదటి పేజీ తీసి అధికారిణి చేతికిచ్చాడు.

చప్పట్లు ఆగాయి. ఆమె పేజీ మొత్తం చదివింది. అవమానాల వివరమంతా, అతని ఆరోగ్యం సంగతితో సహా.

"అయితే ఇదంతా బంతాట గురించా?"

"అవునండి."

"అంటే నన్ను ఎవరడిగినా వదులుకోకూడదన్నది?" అన్నాడు ఎనిమిది.

"అదీ బంతాటేనయ్యా."

ఎనిమిది వెళ్ళి బకెట్టు మీద కూర్చున్నాడు. మార్చురీ తప్పిన పదకొండు మాత్రం గోడకున్న బొగ్గు మరక వైపు తిరిగి ఎవరికో దండం పెట్టుకున్నాడు.

"మరి నేనడిగిన నివేదిక ఏది?" అంది అధికారిణి.

"ఇంకా రాయలేదండి."

"రాయకపోతే నోటితో చెప్పండి. ఏడు పని ఎలా ఉంటుంది?"

ప్రపంచంలో ఏ ఆటగాడి గురించైనా గంటసేపు చెప్పగల మనిషి, మొదటిసారి మాటల కోసం తడుముకున్నాడు. "మీ చేతిలో కాగితం కూడా అక్షరం మార్చకుండా ఆవిడ తిరగరాసి పంపిందేనండి. ఆవిడ లేకపోతే ఇది లాండ్రీ కాదండి. మాసిన బట్టల మధ్య కూర్చున్న పదిమందిమి, అంతే."

"మరి ఒకటి?"

అతను తను చేతులు చాపి నిలబడిన గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "కాగితంలో రాసిందేనండి."

"నేనూ అదే అనుకున్నాను. ఇందాక ఆ గోడకానుకుని చూశాను కదా," అంది అధికారిణి. "మీరు రాసింది గోల్‌కీపర్ గురించే అయినా, సరిగ్గా రాశారు. మిగతావన్నీ కొట్టేస్తున్నాను. ఇది ఒక్కటే అమలు చేస్తాను. తన ఉద్వాసన తానే ఒక్క అక్షరం మార్చకుండా రాసి పంపిన మనిషి చేతిలో ఈ లాండ్రీ పెడితే నాకు బెంగుండదు. ఏడమ్మగారూ, ఇకనుంచి మీరు ఒకటి. ఆ కిటికీ దగ్గరే ఒక కుర్చీ వేయించుకోండి. ఆయన్ని ఊరి అవతలకి పంపనా?"

ఏడు సంచిలోంచి గ్లాసు తీసి బల్ల చివర దాని చోట దాన్ని పెట్టింది. తర్వాత జవాబు చెప్పింది. "వద్దండి. ఆయన కేకలు మాకు అలవాటైపోయాయి. అవి వినపడకపోతే బాబాయ్ నిద్రపోతాడు."

సాయంత్రం ఎర్రదారంతో నంబర్లు మార్చి కుట్టే పని మిగిలింది. ఖాళీ అయిన ఏడో నంబరు ఏప్రన్ అతనికి ఇద్దామన్నారు. అతను ఒప్పుకోలేదు. గొప్పవాళ్ళు తొడిగిన నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదని, అది ఆటలో మర్యాదని చెప్పాడు. ఆ రోజు అతని సలహా ఒక్కటే అందరికీ నచ్చింది. ఏడో నంబరును మడిచి బీరువాలో దాచారు. పదకొండు తర్వాత వచ్చేది పన్నెండు గనక, కొత్త సూపర్‌వైజరు అతని ఏప్రన్ మీద స్వయంగా పన్నెండు అని కుట్టి, గుమ్మం పక్కన ఒక బల్ల వేయించింది.

ఆ హడావిడిలో ఉత్తరం పోస్టు చేయడం ఎవరికీ గుర్తులేదు. గడువు ముగిసిన మర్నాడు, రేవు జట్టు ఆ ఏడాది ఎవరినీ మార్చలేదని పేపర్లో వచ్చింది, గోల్‌కీపర్‌తో సహా. పన్నెండు ఆ వార్తను బల్ల మీద కూర్చుని చదివాడు.